పెళ్లిచూపుల గది

శ్రీకాకుళంలో మేం అద్దెకున్న ఇంట్లో, నేను ఒక వేసవంతా కష్టపడి అమర్చుకున్న ముందుగదిలో, వీధి వీధంతా పెళ్లిచూపులు జరుపుకున్నారు. ఇప్పుడు ఈ సంగతి చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ రోజుల్లో నాకు మాత్రం ఏడుపొచ్చేది.

అరవయ్యో దశకం చివరి సంవత్సరాలవి. మావారు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. వంశధార సర్వే పనుల మీద నెలలో సగం రోజులు క్యాంపులోనే ఉండేవారు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. పెళ్లికి ముందు స్కాలర్‌షిప్ వస్తే రెండేళ్లు ఫ్రాన్సులో చదువుకున్నాను. దక్షిణాన మోంపెలియే అనే ఊళ్లో, భర్త పోయిన ఒక ముసలావిడ ఇంట్లో, మూడో అంతస్తులో నా గది. ఆవిడ పెత్తనం అంతా ఇంతా కాదు. వారానికి ఒక్కసారే స్నానం. గదిలో పొయ్యి వెలిగించకూడదు. ఒకసారి స్పిరిట్ స్టౌ మీద దొంగచాటుగా ఎండుమిరపకాయల పోపు పెడితే, ఆ ఘాటుకి మేడమెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరూ దగ్గులే. మర్నాడంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. చింతపండు పులుసు కలలోకి వచ్చేది. అదేదో స్వర్గమని నేనెప్పుడూ అనను.

కాని ఆ గది నా మనసుకి బాగా పట్టేసింది. వాన మబ్బు రంగు గోడలు. చెక్క రెక్కల కిటికీ తలుపులు, ఎండ వాటి సందుల్లోంచి చారలు చారలుగా నేల మీద పడేది. చలి మంట వేసుకునే గోడ గూడు మీద బంగారు పూత చట్రం అద్దం, ఒంటికాలి గుండ్రబల్ల, దాని మీద ఎండిన లావెండర్ పూల గిన్నె. పొద్దున్నే ఆ కిటికీ దగ్గర కూర్చుని, చిన్న బేసిన్ లాంటి కప్పులో కాఫీ తాగేదాన్ని. మా పుట్టింట్లో అత్తలూ బాబాయిలూ వాళ్ల పిల్లలూ కలిసి ఎప్పుడూ ఇల్లు కిటకిటలాడుతుండేది. చదువుకోవాలంటే బియ్యం డబ్బాల వెనక్కి వెళ్లేదాన్ని. అలాంటిది, మోంపెలియేలో ఆ ముసలావిడ తన సొంత ఇంట్లో నా గది తలుపు తట్టి, నేను రమ్మనేదాకా గుమ్మంలో నిలబడేది. మొదటిసారి ఆవిడ అలా నిలబడితే నాకేం చెయ్యాలో తెలియలేదు. ఎవరో పెద్దవాళ్లని బయట నిలబెట్టిన పాపం చుట్టుకుంటుందేమో అన్నట్టు పరుగెత్తుకెళ్లి తలుపు తీశాను. తర్వాత తర్వాత ఆ చప్పుడంటే ఇష్టం పుట్టింది.

శ్రీకాకుళం వచ్చాక, అరసవల్లి వెళ్లే దారిలో ఇల్లు దొరికింది. ఇంటివాళ్లు గోగునార వ్యాపారస్తులు. వెనక భాగంలో వాళ్లు, ముందు భాగంలో మేము. రెండు భాగాలకీ మధ్య ఒక తలుపు, దాని గడియ వాళ్ల వైపు. ఇల్లు తీసుకునేటప్పుడు ఆ గడియ సంగతి నేను చూడనే లేదు. ఇంటావిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఏభై ఏళ్లుంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, వీధి చివరికి వినిపించే గొంతు. ఆవిడ నన్ను పంతులమ్మా అనేది.

ఆ వేసవి సెలవుల్లో గది పని మొదలుపెట్టాను. సున్నంలో నీలిమందు, దీపం మసి కలిపి, రంగు కుదిరేదాకా గోడ మూల మీద పూసి, ఆరాక చూసి, మళ్లీ కలిపించాను. సున్నం వేసేవాడు విసుక్కున్నాడు.

"ఇదేటి రంగమ్మా? వాన పడబోతన్నట్టున్నాది."

"అదే కావాలి."

"వాన ఇంట్లోకి తెచ్చుకుంటారేటి!"

వడ్రంగికి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి కిటికీకి చెక్క రెక్కలు చేయించాను. అతను వాటి వాలు బయటికి కాకుండా లోపలికి పెట్టాడు. మొదటి వానకే నీళ్లన్నీ గదిలోకి వచ్చాయి. విప్పించి మళ్లీ బిగించాను. పరదాలకి లేసు దొరక్క దోమతెర గుడ్డ కొని కుట్టాను. రెండు పాత కుర్చీలకి పొందూరు ఖద్దరుతో మెత్తలు వేశాను. విజయనగరంలో కోట దగ్గర పాతసామాన్ల కొట్టులో పూత చట్రం అద్దం ఒకటి దొరికితే, మావారు దాన్ని జీపులో దుప్పటి చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. పాపం, అంత దూరం కదలకుండా కూర్చున్నారు. లావెండర్ విత్తనాలు కుండీలో వేస్తే మొలిచాయి, తొలకరికే కుళ్లిపోయాయి. వృక్షశాస్త్రం చెప్పేదాన్ని, ఆ మొక్క ఇక్కడి తేమకి బతకదని నాకు తెలియక కాదు. చివరికి బుడితిలో చేసే ఇత్తడి చెంబులో ఎండిన దవనం పెట్టాను. రంగులోనూ వాసనలోనూ కొంత దగ్గర.

అంతా అయ్యాక మావారు గుమ్మంలో నిలబడి చూశారు.

"బాగుంది. కాని ఎక్కడ కూర్చోవాలో తెలియటం లేదు."

"కుర్చీలో."

"నలిగిపోతుందేమో," అని వెళ్లి వరండాలో కూర్చున్నారు.

పిన్నిగారు వచ్చి గోడలన్నీ కలయజూసి నొచ్చుకుంది.

"ఏటమ్మా, ఒక్క కాలెండరైనా నేదు. దేవుడు బొమ్మైనా నేదు. గోడ బోసిగా ఉన్నాది. మా కొట్లో బోల్డున్నాయి, నానిస్తాను."

"వద్దు పిన్నిగారూ, ఖాళీగా ఉంటేనే నాకిష్టం."

ఆవిడ కాసేపు అద్దం ముందు నిలబడి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు సాయంత్రం కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చుని కాఫీ తాగాను. నేను అనుకున్నట్టు కూర్చోగలిగిన సాయంత్రాలు అలాంటివి ఎన్నో లేవు.

శ్రావణంలో పిన్నిగారు వచ్చి నెమ్మదిగా అడిగింది. ఆవిడ చెల్లెలు కోటబొమ్మాళిలో ఉంటుంది, వాళ్లకి సంతలో చిన్న కొట్టు. చెల్లెలి కూతురికి నౌపడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి రైల్వే స్టేషన్లో ఉద్యోగం. పిల్ల ఇదివరకు ఒక ఏడాది చదువుకి పెద్దమ్మ దగ్గర ఉంది కాబట్టి, చూపులు ఇక్కడే పెట్టుకుంటామన్నారు.

"మా పక్క గోగునార కట్టలమ్మా. కూకోడానికి సోటేది? ఒక్క పూట నీ గదియ్యి. నీ సెయ్యి సల్లనిది, పిల్లకి కుదిరిపోతాది."

ఒక్క పూటే కదా అనుకున్నాను. పిల్లని అద్దం కింద కుర్చీలో కూర్చోబెట్టారు. పదిహేడేళ్ల పిల్ల, భయంతో మోకాళ్ల మీద గాజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పెళ్లికొడుకు తలెత్తి ఆ పిల్లని చూడలేదు, గోడలూ అద్దమూ చూశాడు. సంబంధం కుదిరింది. మాఘంలో పెళ్లికి ముహూర్తం కూడా పెట్టుకున్నారు.

దాంతో నా గదికి గొప్ప పేరొచ్చింది. ఆ గదిలో చూపులు పెడితే కుదిరి తీరుతుందని మా వీధిలో అనుకోవడం మొదలుపెట్టారు. ఎదురింటి వాళ్లు అడిగారు. మూలింటి వాళ్లు అడిగారు. కొందరు నన్నడిగారు, చాలామంది పిన్నిగారినే అడిగారు. నేను కాలేజీలో ఉండగా ఆవిడ మధ్య తలుపు గడియ తీసి గది ఇచ్చేసేది. నేను ఇంటికొచ్చేసరికి గోడకి కొత్తగా మేకు, దానికి లక్ష్మీదేవి కాలెండరు. తీసి ఇచ్చేస్తే మర్నాటికి మళ్లీ అక్కడే. దవనం చెంబులో ప్లాస్టిక్ గులాబీలు. పరదాలు ముడేసి పైకి కట్టి ఉండేవి, పిల్ల రంగు వెలుతురులో కనబడాలని. ఒకసారి ఎవరి నాయనమ్మో చుట్ట నిప్పుకొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ, నుసంతా నా ఇత్తడి చెంబులో దులిపింది. ఇంకోసారి ఖద్దరు మెత్త మీద కాఫీ మరక, ఉతికినా పోలేదు.

పిన్నిగారికి చెప్పేదాన్ని. "నాకు చెప్పకుండా గది ఇవ్వకండి" అనేదాన్ని. "అయ్యో, అలాగేనమ్మా" అనేది. మళ్లీ వారం మామూలే. గట్టిగా అనబోతే, పక్కన ఏ పెళ్లికూతురి తల్లో నిలబడి ఉండేది. ఆ మొహం చూస్తూ కాదని ఎలా అంటాను?

ఒకరోజు వానలో తడుస్తూ, తలనొప్పితో కాలేజీ నుంచి పెందలాడే వచ్చేశాను. ముందుగది నిండా జనం. గుమ్మంలో చెప్పుల గుట్ట. నా కుర్చీలో ఒక పెద్దావిడ కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. మగపెళ్లివారి తాలూకు మేనత్త అని తర్వాత తెలిసింది. తడిసిన చీరతో, చంకలో పుస్తకాలతో గుమ్మంలో నిలబడిన నన్ను చూసి అంది:

"నువ్వు ఈలింట్లో అద్దెకున్న పంతులమ్మవేటి? మంచి పనయ్యింది. కాసిన్ని మంచినీలు అట్టుకురా, బేగి."

పిన్నిగారు నా వంక చూడలేదు. నేనేమైనా అంటే ఆ పిల్ల సంబంధం అక్కడికక్కడ చెడిపోతుంది. నా వంటింట్లోకి వెళ్లి, నా బిందెలో నీళ్లు ముంచి, నా గ్లాసుల్లో పోసి, నా గదిలోకి తీసుకెళ్లి అందరికీ ఇచ్చాను. ఆవిడ నీళ్లు తాగి గ్లాసు నా చేతికిస్తూ, "గది మాత్రం బాగున్నాది. ఇంటివోలకి సోకెక్కువే," అంది.

మావారు క్యాంపు నుంచి రాగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

"ఒక పూట గది వాడుకుంటే కొంప మునిగిందా? ఎవరో ఆడపిల్లకి మేలు జరుగుతోంది," అన్నారు.

"మీకేం, మీ టెంట్లోకి ఎవరొస్తారు?"

"తేళ్లొస్తాయి."

నేను నవ్వలేదు. "నీకు ఫ్రాన్సు గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఊరి మీద కోపం వస్తుంది" అని పడుకోబోయే ముందు అన్నారు. అది అబద్ధం. ఫ్రాన్సులో ఉన్నప్పుడు ఈ ఊళ్ల కోసం ఏడ్చినదాన్ని. కాని ఆ మాట ఎలా చెప్పాలో తెలియక గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఎండలు ముదిరాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, కోటబొమ్మాళి పిల్ల నా దగ్గరికి వచ్చింది. పెద్దమ్మని చూడ్డానికి నౌపడ నుంచి వచ్చిందట. వీధి తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు చూస్తోంది. పిలిస్తే వచ్చి నేల మీద కూర్చుంది.

"పంతులమ్మగారూ, ఆ గోడ రంగు ఎలా కలిపేరు?"

"ఎందుకమ్మా?"

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంగతి మెల్లగా చెప్పింది. పిల్ల చిన్నప్పటినుంచీ తమ దగ్గరే పెరిగిందని పిన్నిగారు ఆ రోజు మగపెళ్లివారితో అన్నదట. అబ్బాయి ఈ గది ఆ పిల్లదే అనుకున్నాడు. పెళ్లయ్యాక క్వార్టర్సులో కాపురం పెట్టగానే, "మన గది కూడా మీ గదిలాగ సెయ్యవా" అన్నాడు. వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడట, మా ఆవిడకి ఇల్లు సర్దడం బాగా వచ్చు, రేపో మాపో చూద్దురుగాని అని.

"నాకేటి తెలుస్తాదమ్మా? ఈ గదిలో నాను ఎంతసేపున్నాను? కాఫీలిచ్చి, పాట పాడినంతసేపు. తలెత్తి గోడైనా సూడనేదు."

"మీ ఆయనకి నిజం చెప్పకపోయావా?"

"సెప్తే మా పెద్దమ్మ అబద్ధం ఆడిందంటారు కదమ్మా."

సున్నం, నీలిమందు, మసి ఎంతెంత కలపాలో చెప్పాను. దోమతెర గుడ్డ ఎలా కుచ్చిళ్లు పెట్టాలో కుట్టి చూపించాను. అద్దం గురించి అడగబోయి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, గదిని అప్పుడు మొదటిసారిగా నాలుగు వైపులా చూసింది.

ఆ పిల్ల వెనక్కి తిరగ్గానే నేను మధ్య తలుపు దబదబా కొట్టాను. పిన్నిగారు పెరట్లో చింతపండు ఎండబెడుతోంది. ఇన్ని నెలలుగా లోపల పేరుకున్నదంతా కక్కేశాను. అడగకుండా నా గదిలోకి వస్తారు, నా సామాను పాడుచేస్తారు, నా చేత నీళ్లు మోయిస్తారు, పైగా నా గదిని చూపించి అబద్ధాలాడి ఆ పిల్లని ఇరకాటంలో పెట్టారు అన్నాను. ఆవిడ గొంతు ఎంత పెద్దదో నాకు తెలుసు. తిరగబడుతుందనే అనుకున్నాను. నిజానికి అదే కోరుకున్నాను.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"తప్పేనమ్మా. అడక్కండా వాడుకున్నాను," అంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. "నాను ఈ ఇంటికి కాపరానికొచ్చిన కాడినుంచి ఒక్క గదిలో తలుపేసుకుని కూకున్నది నేదు, పురుడొచ్చినప్పుడు తప్ప. అప్పుడైనా మంత్రసాని ఉంటాది. నువ్వు కాలేజీకెల్లిపోయాక నానొచ్చి ఆ కిటికీ కాడ కుర్చీలో కూకుంటన్నాను. ఏటీ సెయ్యను. ఏదీ ముట్టుకోను. అలాగ కూకుంటానంతే. ఒకరోజు ఎదురింటావిడ వచ్చి సూసీసింది. మా పిల్లకీ ఆ గది ఇప్పించు అన్నాది. నాను దొంగతనంగా కూకుంటూ, ఆలకి కాదని ఏ మొకం పెట్టుకుని సెప్పను?"

జాలి కలగాల్సిన చోటది, కొంత కలిగింది కూడా. కాని దానికంటే ఎక్కువ ఉక్రోషం వచ్చింది. ఇంతకాలం దాచుకున్న కోపానికి ఆవిడ చోటు లేకుండా చేసింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

మర్నాడు వడ్రంగిని పిలిచి, మధ్య తలుపు గడియ మా వైపుకి మార్పించాను. పిన్నిగారు పెరట్లోంచి చూసింది. ఆ తర్వాత ఇంక చూపులు లేవు, కాలెండర్లు లేవు. గది నాదైంది. కాలేజీ నుంచి వచ్చి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. హాయిగా ఉండాలి కదా, ఉండేది కాదు. వెనక భాగంలో ఆవిడ గిన్నెల చప్పుడు, కోడళ్ల మీద కేకలు, గోగునార బేరగాళ్లతో వాదన, అన్నీ వినబడేవి. ఇదివరకూ వినబడేవి, అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ గొంతు ఎప్పుడు ఆగుతుందా, ఆగితే ఆవిడ ఎక్కడ కూర్చుందా అని చెవులు అటే ఉండేవి.

ఉండబట్టలేక ఒక సాయంత్రం తలుపు తీసి పిలిచాను.

"పిన్నిగారూ, రండి, కాసేపు కూర్చుందురుగాని."

వచ్చింది. కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగి, నార ధర పడిపోయిందని చెప్పి, మా అమ్మగారి ఆరోగ్యం అడిగి లేచిపోయింది.

"ఇంకాసేపు కూర్చోండి."

"నువ్వుంటే ఎలాగమ్మా," అంది మామూలుగా. కోపంగా అన్నది కాదు. కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది.

మళ్లీ పిలవలేదు. గది వదిలి నేను బయటికెళ్లి కూర్చుని ఆవిడని రమ్మనాలా? అంత మంచితనం నాకు లేదు. నేనున్నప్పుడు ఆవిడ రాదు, నేను లేనప్పుడు గడియ వేసి ఉంటుంది. అలాగే ఏడాది గడిచింది. ఆ వర్షాకాలం గోడలకి ఉప్పు పొంగి, నా మబ్బు రంగు పొక్కులు పొక్కులుగా రాలిపోయింది. మళ్లీ వేయించాలనిపించలేదు.

తర్వాతి వేసవిలో మావారికి విజయనగరం బదిలీ అయింది. సామాను లారీలో పంపించి, మేం ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. అద్దం ఇంకోసారి దుప్పట్లో చుట్టి మావారి పక్కన పెట్టుకున్నాం. అవతలి రైలు దిగి, చంకలో పిల్లాడితో కోటబొమ్మాళి పిల్ల నన్ను చూసి గబగబా వచ్చింది. ఒళ్లు చేసింది, మొహంలో ఇదివరకటి భయం లేదు.

"రంగు కుదిరిందా?" అన్నాను.

"పచ్చగా వచ్చిందమ్మా. ఆ నౌపడ ఉప్పుగాలికి అదీ ఊడిపోయింది."

"మీ ఆయనకి ఎప్పుడైనా చెప్పావా?"

"సెప్పేసినాను," అని నవ్వింది. "నమ్మనేదు. మా పెద్దమ్మ పెల్లి ఖర్సులకి ఆ గది అద్దెకిచ్చీసిందంట, నాను నామోషీపడి అలాగ సెప్తన్నానంట. ఎన్నిసార్లు సెప్పినా అదే మాట. ఇంక ఊరుకున్నాను."

ఇంతలో వాళ్లాయన పెట్టె మోసుకుంటూ వచ్చాడు. చక్కని మనిషి, మర్యాదస్తుడు. భార్య నన్ను చూపించి, "మా పెద్దమ్మగారింట్లో ఉండే పంతులమ్మగారు" అంది. అతను పెట్టె కింద పెట్టి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.

"మీరేనేటండీ ఆ గదిలో అద్దెకుండేది! మా ఆవిడ ఎంతో ముచ్చటపడి సర్దుకున్నాదండి ఆ గది. ఇల్లు కాలీ సేసేసినట్టున్నారు. గోడలవీ పాడవకండా సూసుకున్నారా?"

మావారు దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నారు. ఆ పిల్ల నా వంక బతిమాలుతున్నట్టు చూసింది.

"చూసుకున్నానండి," అన్నాను.